పదకొండో నంబరు బాబు

"ఇదేంటమ్మా, మళ్ళీ తెల్లకాగితమే ఇచ్చావు?"

లెక్చరరమ్మ జవాబుపత్రాన్ని బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూపించింది. రోల్ నంబరు తప్ప ఒక్క అక్షరం లేదు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి తల దించుకుంది. తోటివాళ్ళు ఆమెకు పెట్టిన పేరు మూగనోము.

ఆ ప్రైవేటు యూనివర్సిటీలో శిశువికాసం, కుటుంబ అధ్యయనం కోర్సు మొదలై ఎనిమిదేళ్ళయింది. ఇలాంటి చిక్కుముడి లెక్చరరమ్మకు ఎన్నడూ ఎదురవలేదు. మిగతా సబ్జెక్టులన్నీ ఈ పిల్లకు నల్లేరు మీద బండి నడకే. 'పిల్లల పరిశీలన' ఒక్కటే రెండేళ్ళుగా తప్పుతోంది. తప్పినవాళ్ళు ప్రాక్టికల్స్ మళ్ళీ చేయాలి. అంటే క్యాంపస్‌లోని నర్సరీ బడికి వెళ్ళి, అద్దం వెనక గదిలో పిల్లలకు కనబడకుండా కూర్చుని, వాళ్ళ ఆటలూ అలకలూ రాసుకోవాలి. పోనీ ఆ పని రాదా అంటే, ఈమె రికార్డు చూపించే లెక్చరరమ్మ జూనియర్లకు పాఠం చెబుతుంది.

రికార్డు తెరిచింది. పేర్లు రాయకూడదు కాబట్టి అన్నీ నంబర్లే.

'పదకొండో నంబరు బాబు ఎడమచేత్తో బొమ్మలు వేస్తాడు. అలిగితే గోడవైపు తిరిగి తనలో తాను మాట్లాడుకుంటాడు. ఈరోజు "ళ" సరిగ్గా పలికాడు.'

"ఇంత బాగా రాసేదానివి, పరీక్షలో ఏమొచ్చింది నీకు?"

"భయం మేడమ్."

"సరే, ఇది ఇంటర్నలే, నా చేతిలో పనే. నోటితో చెప్పు, పాస్ చేస్తాను. పిల్లలు ఎన్నో నెలకి నడుస్తారు?"

"మూడో నెలకి మేడమ్."

లెక్చరరమ్మ తెల్లబోయింది. "మరి మాటలు?"

"నాలుగేళ్ళు నిండాక."

వేళాకోళమా అంటే ఆ మొహంలో నవ్వు లేదు. కోప్పడాలో జాలిపడాలో లెక్చరరమ్మకు పాలుపోలేదు.

"నీ ఖర్మ. వచ్చే ఏడు కొత్త పిల్లలతో మొదటినుంచి మొదలుపెట్టుకో."

"కొత్త పిల్లలా?"

"ఐదేళ్ళు నిండినవాళ్ళంతా పెద్దబడికి పోతారు కదమ్మా. నీ పదకొండో నంబరు వాళ్ళయితే ఊరే మారుతున్నారు. వాళ్ళమ్మ నిన్ననే వచ్చి టీసీ తీసుకెళ్ళింది."

అమ్మాయి కుర్చీ వీపు పట్టుకుంది.

"ఇంకోసారి అడగండి మేడమ్. చెబుతాను."

అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పింది. పాకడం, నిలబడడం, తొలిమాట, కొత్తవాళ్ళంటే బెదురు. నెలలతో సహా, ఎక్కడా తడబడకుండా. లెక్చరరమ్మకు ఉన్న మతి కాస్తా పోయింది. మార్కులు వేస్తూ, ఉండబట్టలేక అడిగింది.

"ఒక్కటి చెప్పు తల్లీ. మొన్న వరండాలో ఆ బాబు కిందపడి, ఏడుస్తూ వచ్చి నీ కాళ్ళు చుట్టేసుకున్నాడు. నువ్వేమో చేతులు వెనక్కి కట్టుకుని రాయిలా నిలబడ్డావు. పిల్లల్ని ముట్టుకోకూడదన్న రూలు పరిశీలన వేళవరకే కదా. కాస్త ఎత్తుకుంటే నీ సొమ్మేం పోయింది?"

అమ్మాయి రికార్డు మూసి గుండెలకు హత్తుకుంది.

"దత్తత ఇచ్చిన రోజే, వాణ్ణి ముట్టుకోనని మాటిచ్చాను మేడమ్."