మాస్టారి తోట

"మొదలు దగ్గర పొయ్యండి, ఆకుల మీద కాదు. మెల్లగా," అంటూ లెక్కల టీచరు తన వెడల్పాటి పసుపు టోపీ తీసి భర్త నెత్తిన పెట్టింది. చేతిలో నిమ్మకాయల సంచీ. పొద్దుటి నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

"నాకు నీళ్ళు పొయ్యడం రాదని మీ మాస్టారు పేపర్లోనే రాశాడుగా," అన్నాడు భర్త.

ఆ ఉక్రోషం పాతదే. కొందరు నిప్పార్పడానికి వచ్చినట్టు మొక్కలకు నీళ్ళు పోస్తారని ఒక ఆదివారం మాస్టారు రాశాడు. అది చదివి టీచరు పొట్ట పట్టుకుని నవ్వింది. ఈయన మాత్రం ఆ పూటంతా మాట్లాడలేదు.

మాస్టారంటే ప్రతి ఆదివారం పేపర్లో తోటల శీర్షిక రాసే పెద్దాయన. ఆమె ఆయన్ని ఎన్నడూ చూడలేదు, కానీ మిద్దె మీది తోటలో ఆయన మాటే ఆమెకు వేదం. కాయని నిమ్మచెట్టును ఒకసారి తెగించి మోడు దాకా నరికింది. నిక్షేపంలాంటి చెట్టును చంపుకున్నావని ఇంట్లో అందరూ దెప్పారు. ఆమెకూ గుండె జారి, పీకి పారేద్దామనుకుంది. సరిగ్గా ఆ ఆదివారమే, కాయని నిమ్మను జంకకుండా మోడు దాకా నరకమని మాస్టారు రాశాడు. ఆమె ఆగింది. చెట్టు విరగకాసింది. ఇలా ఎన్నిసార్లో. తన మనసులో దూరి చూసినట్టు రాస్తాడని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకునేది.

అలాంటి మనిషి ఇక రాయడం లేదని మొన్న ప్రకటించాడు. ఆమె ఊరుకోలేకపోయింది. పేపరు ఆఫీసు వాళ్ళ ప్రాణాలు తోడి చిరునామా సంపాదించింది. తీరా చూస్తే వెనక వీధే. ఆయన తోటను ఒక్కసారి కళ్ళారా చూడాలి, ఒక్క కొమ్మ అడిగి తెచ్చుకోవాలి. అంతకు మించి ఆమెకు ఏ కోరికా లేదు.

ఇంటి వెనక ఖాళీ జాగాలో కొత్త మేడ లేస్తోంది. ఆ ఇసుక కుప్పలు దాటుకుని, సందు తిరిగి, ఇంచుమించు పరుగెత్తింది. మాస్టారి వాటా పై అంతస్తులో ఉంది. తలుపు తీసిన పెద్దాయన వెనక గది నిండా పుస్తకాలే. ఒక్క కుండీ లేదు.

నిమ్మకాయలు ఆయన చేతిలో పెట్టి చెట్టు సంగతి చెప్పింది.

"మీరు ధైర్యం చెప్పకపోతే ఇవి లేవు మాస్టారూ. ఎందుకు మానేస్తున్నారు?"

"ఇంకో నెల పోతే నా తోట నాకు ఉండదమ్మా."

"అయితే ఇప్పుడే చూపించండి. ఒక్క కొమ్మ ఇవ్వండి, నేను బతికించుకుంటాను."

మాస్టారు ఒక నిమ్మకాయ తీసి వాసన చూశాడు. తర్వాత, తను జన్మలో ఒక్క విత్తనమైనా నాటలేదని మెల్లగా చెప్పాడు.

"నాకో గురువు ఉంది. ముఖమైనా ఎరగను. ఆమె చేసేది చూసి రాయడమే నా పని. ఆవిడ చెయ్యి పడితే మోడైనా చిగురిస్తుంది తల్లీ."

ఎవరో ఆ అదృష్టవంతురాలు అనుకుంది టీచరు. నిజం చెప్పాలంటే కాస్త అసూయ కూడా కలిగింది. ఆమెను తనకూ చూపించమని అడిగింది.

మాస్టారు లేచి కిటికీ తెర పక్కకు లాగాడు. "రా, చూడు. ఇవాళెందుకో ఆవిడ తీరే వేరుగా ఉంది."

ఆమె వంగి చూసింది.

కింద, లేస్తున్న కొత్త మేడ గోడల అవతల, మిద్దె మీద పసుపు టోపీ పెట్టుకుని, నిప్పార్పుతున్నట్టు నీళ్ళు పోస్తున్నాడు ఆమె భర్త.