ఆగని పాట

"పాడు పాపా, ఆపొద్దు," అన్నాడు నాన్న, మంచం కమ్మీ పట్టుకుని. "నీ గొంతు వినబడతా ఉన్నంతసేపూ మీ అమ్మ యాడికీ పోదు."

వేలూరు ఆసుపత్రిలో అమ్మ అమరావతి కళ్లు తెరవక వారమైంది. ఇక తమ చేతుల్లో ఏమీ లేదని డాక్టరమ్మ పొద్దున్నే చెప్పేసింది.

నివేదిత పాడుతూనే ఉంది. గుడియాత్తంలో నాన్న మగ్గం మీద పాడే పాట అది. దానికి ఐర్లండు పల్లెజనం కూనిరాగం కలిపి, ఎక్కడా తెంపు లేకుండా ఆమె సాగదీసి పాడితే, కచేరీల్లో జనం కళ్లు మూసుకుని ధ్యానంలో మునిగిపోతారు.

నాన్న పాటకు మాత్రం తెంపులుండేవి. పోగు తెగితే పాట ఆగేది. పక్కగదిలో తల వంచుకుని నూలు కండెలు చుట్టే అమ్మ, అప్పుడు మాత్రమే లేచొచ్చి తెగిన పోగును ముడివేసేది.

"ఒక్కసారి చూడమ్మా" అని బతిమాలాలన్నా ఇప్పుడు పాట ఆపాలి. ఆపాలంటే భయం.

మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. పై స్థాయి అందుకోబోతే నెత్తురు రుచి తగిలింది. పాట సగంలో ఆగిపోయింది.

"అయ్యో, పాడు పాపా!" నాన్న ఆమె భుజం పట్టి కుదిపాడు. ఆమె నోరు తెరిచినా గాలే వచ్చింది. ఇద్దరూ అమ్మ వైపే చూశారు.

దుప్పటి మీద అమ్మ వేళ్లు కదిలాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిసి, ముడివేస్తున్నట్టు మెలితిరిగాయి.

"పోగు యాడ తెగినాదయ్యా?" అంది, కళ్లు తెరవకుండానే. "ఉండు, వస్తా ఉండా."