విరగని పాలు

“ఆ బూజును ఇవాళే ఆవిరిపెట్టెలో పెట్టి ఉడికించెయ్యి. ఫ్రిజ్‌లో దాచిన విత్తనపు బూజుతో సహా!” అన్నారు పెద్దసారు, బల్ల మీది మూడు గ్లాసుల వంక చూస్తూ.

మూడింట్లోనూ పాలే. తెల్లగా, పల్చగా, ఇప్పుడే పితికి తెచ్చినంత నిక్షేపంగా ఉన్నాయి. బూజమ్మ ఒక్కో గ్లాసునూ వంచి చూసింది. ఒక్కటీ విరగలేదు.

బూజమ్మ ఆ ప్రయోగశాలలో బూజులు పెంచే శాస్త్రవేత్త. పేరు పెట్టింది తోటివాళ్లు. ఇంట్లో అత్తగారు బూజు దులుపుతుంటే ఆఫీసులో కోడలు బూజు పెంచుతోందని వాళ్ల వేళాకోళం. ఆవిడా నవ్వేసి ఊరుకునేది.

ఆవిడ పంతం మాత్రం చిన్నది కాదు. పాలు తాగే దూడ కడుపులో ఒక రసం ఊరుతుంది. చుక్క పడితే చాలు, పాలు విరిగి గడ్డకడతాయి. చీజ్ చేసేవాళ్లకు అదే ప్రాణం. దాని కోసం దూడల ప్రాణం తీయకుండా, ఆ రసం చేసే జన్యువును బూజులో పెట్టి, తవుడు మేపి, బూజు చేతే ఊరించాలని చూస్తోంది.

“మూడేళ్లయిందమ్మాయ్, బూజుకు దూడ విద్య నేర్పడం మొదలుపెట్టి! అది ఒక్కనాడైనా అంబా అందా?”

“అంబా అనక్కర్లేదు సార్. పాలు విరిచితే చాలు.”

“అదీ చెయ్యలేదుగా! పది రోజులుగా ఇదే తంతు. సాయంత్రం నువ్వు పాలలో బూజునీళ్లు కలిపి వెళ్లడం, పొద్దున నేనొచ్చి ఈ పాల మొహం చూడడం.”

“మొదట్లో బూజు సొంత రసాలే ఈ పరాయి రసాన్ని తినేసేవి సార్. ఇంటికొచ్చిన చుట్టాన్ని కోసుకు తిన్నట్టు. ఆ తిండిపోతును తీసేశాను కదా!”

“దానికో తమ్ముడుంటాడు, అంతే. నీ బూజు మేసిన తవుడుతో దూడల మందనే మేపొచ్చు.”

“ఇంకొక్క వారం సార్.”

“పోయిన వారం కూడా ఈ వారాన్నే అడిగావు.”

అలా అన్నా ఆయన కఠినుడేం కాదు. గుమ్మం దగ్గర ఆగి, “బెంగపెట్టుకోకు, రేపటికి ఇంకో పని చూస్తాను,” అని మరీ వెళ్లారు.

బూజమ్మ సీసాల దగ్గరకెళ్లింది. పరాయి రసం మొయ్యలేక ఒకప్పుడు ఆ బూజు గోలీల్లా ముడుచుకుపోయేది. తిండి మార్చి, గాలి మార్చి, అలిగిన అల్లుణ్ణి బుజ్జగించినట్టు బుజ్జగిస్తే ఇప్పుడు దూదిపింజల్లా నిండుగా విచ్చుకుంది. దాన్ని తన నోటితోనే ఉడకబెట్టమని చెప్పాలి.

గాజుసామాను కడిగే పెద్దమ్మ చక్రాలబండి తోసుకుంటూ వచ్చింది. బూజమ్మ కళ్లు చూసి కంగారుపడింది.

“ఏమైంది తల్లీ? ఎవరేమన్నారు?”

“ఎవరూ ఏమనలేదు పెద్దమ్మా. ఈ సీసాలన్నీ ఆవిరిపెట్టెలో పెట్టెయ్.”

“అయ్యో, ఇంత ఏపుగా పెరిగితేనూ! కన్నబిడ్డలా సాకావు కదే!”

“పెరిగి ఏం లాభం? కన్నబిడ్డే నా నోట్లో మట్టి కొట్టింది.” బూజమ్మ ముక్కు ఎగబీల్చింది. “పది రోజుల్లో ఒక్కరోజంటే ఒక్కరోజు ఆ గ్లాసుల్లో పాలు విరిగుంటే గండం గడిచేది.”

బండిలో పెట్టబోతున్న సీసా పెద్దమ్మ చేతిలోనే ఆగిపోయింది. ఆవిడ గ్లాసుల వంక చూసింది. బూజమ్మ వంక చూసింది. మెల్లిగా నాలుక కరుచుకుంది.

“అవి విరగాలా తల్లీ? సారు నిన్నేమైనా అంటారేమోనని, రోజూ పొద్దున్నే ఆ గడ్డలన్నీ పారబోసి, గ్లాసులు తోమి, మా ఇంటి పాలు పోసి పెడుతున్నానే!”