మేకలు వేపాకు ముట్టని రోజు

ఆ పొద్దున మబ్బులు పడమటికి మళ్ళాయి. యంత్రాలే అన్నిటికీ జవాబులు చెప్పే కాలమది. వాటికి జవాబు తెలియని ప్రశ్న తెచ్చినవాళ్ళకే విశ్వవిద్యాలయం పరిశోధక ఉద్యోగం ఇచ్చేది. ఆ రోజుతో గడువు ఆఖరు. వర్ధని నెల రోజులుగా ఆ విశ్వవిద్యాలయం యంత్రాన్ని ఫోనులో ప్రశ్నలు అడుగుతూనే ఉంది, అది టక్కున జవాబు చెబుతూనే ఉంది.

తల్లి సుంకులమ్మ సంగటి కెలుకుతూ అంది: "మబ్బు పడమటికి మళ్ళిన దినం మన మేకలు వేపాకు ముట్టవు. ఎందుకో అడుగు పాపా, నీ ఫోనులో పెద్దాయన్ని."

వర్ధని అడిగింది.

"తెలియదు," అంది ఫోను. "ఈ ప్రశ్న ఎవరిది?"

వర్ధని తల్లి వైపు చూసింది. "మా అమ్మది."

"అయితే ఉద్యోగం ఆమెదే. సోమవారం రమ్మనండి."

"మేకల్నెవరు తోలుకపోయేది?" అంది సుంకులమ్మ.

"నేనుండాను కదమ్మా."

ఇద్దరూ ఒకే కంచంలో సంగటి తిన్నారు, వాకిట్లో మేకలు ముట్టని వేపకొమ్మనే చూస్తూ.