వంకాయకో బార్బెక్యూ

నారాయణమూర్తి రెండు బొగ్గు ముక్కలు తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూశాడు. పెదవి విరిచి మళ్ళీ సంచిలో పడేశాడు.

"ఏటి బాబాయ్, బొగ్గుల్లో పాటలొస్తాయేటి?" అన్నాడు షాపు యజమాని ధనరాజ్.

"కంగుమని మోగాలి నాయనా. మోగలేదంటే లోపల సగం కర్రే. అంటిస్తే పొగకి కళ్ళు పోతాయి."

విజయనగరంలో ధనరాజ్ ఇంటి సామాన్ల షాపులో ఆ పొద్దుట ఇదో వినోదం. మూడు నెలలుగా మూలన దుమ్ము పట్టిపోయిన బార్బెక్యూ పొయ్యిలకి ఇన్నాళ్ళకి ఒక బేరం తగిలింది. తగిలిన పెద్దమనిషి మాత్రం పెళ్ళి సంబంధం చూసినట్టు చూస్తున్నాడు. కరెంటుది చూపిస్తే "దీనికి నిప్పెక్కడిది?" అన్నాడు. మడత పెట్టేది చూపిస్తే "పాపం, దీనికి నిలబడే ఓపికే లేదు" అని జాలిపడ్డాడు. చివరికి మూత ఉన్న గుండ్రటి పొయ్యి దగ్గర ఆగి, చేతిసంచిలోంచి ఇంత లావు వంకాయ ఒకటి బయటికి తీశాడు. దాన్ని ఊచల మీద పడుకోబెట్టి, కింద బొగ్గుల పళ్ళేనికీ ఊచలకీ మధ్య చెయ్యి దూర్చి కొలిచాడు.

"నాలుగు వేళ్ళ ఎడమున్నాది. సరిపోతాది."

"వంకాయేటి బాబాయ్? ఇది చికెన్‌కి గదా!"

"చికెన్ ఎవడిక్కావాలి? ఇది కాల్చిన వంకాయ పచ్చడికి."

షాపులో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ధనరాజ్ అయితే కౌంటరు మీద వాలిపోయి మరీ నవ్వాడు. "వంకాయ కోసం ఇంత పొయ్యా? జిహ్వంటే నీదే బాబాయ్!"

నారాయణమూర్తి ఏమీ అనుకోలేదు. పైగా మురిసిపోయాడు. "నవ్వండి, నవ్వండి. మా ఊళ్ళో కట్టెపొయ్యి ఉండేది. ఇప్పుడు ఫ్లాటుకొచ్చీసాం. గ్యాసు మీద తొక్క మాడతాది గానీ ఆ కమ్మదనం రాదు. మొన్న రామతీర్థంలో ఎవరింట్లోనో నిప్పుల మీద వంకాయ కాలతంటే, ఓలమ్మో, ఆ ఇంటి గుమ్మం దాటలేకపోయాం. మా ఇంట్లో ఆ పచ్చడి మొహం సూసి పదకొండేళ్ళయింది, తెలుసా?"

"పదకొండేళ్ళే! ఎలా బతికున్నావు బాబాయ్?"

"అదే గదా! కానీ ఒక సిక్కున్నాది. ఈ పొయ్యి దండగని మా ఆవిడ నీలవేణి ఒకటే గొడవ. ఆ రుచి ఇంక ఈ జన్మకి రాదంటాది. తెప్పిస్తానని నేను పందెం కాసేను. ఈ మధ్యాహ్నం ఆవిడ నోట్లో పెట్టుకుని 'ఇదే' అనాలి. అనకపోతే పొయ్యి నీకు ఎనక్కి. నేను మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

ధనరాజ్ గుండెలో రాయి పడింది. మూడు నెలలకి కదిలిన ఒక్క పొయ్యీ సాయంత్రానికి తిరిగొచ్చేస్తుందా? "నేనే వచ్చి అంటించి పెడతాను, పద" అన్నాడు. తొందరగా వెలుగుతాయని బొగ్గు బిళ్ళల డబ్బా ఒకటి ఊరికే ఇవ్వబోతే, నారాయణమూర్తి వాసన చూసి ముక్కు మూసుకున్నాడు.

"కిరసనాయిలు కంపు. వంకాయ సంకనాకిపోతాది."

చివరికి గోదాములో అట్టడుగున సరుగుడు బొగ్గు సంచి ఒకటి బయటపడింది. రెండు ముక్కలు కొడితే కంగుమంది. ఆయన మొహం వెలిగిపోయింది.

నాలుగో అంతస్తులో ఫ్లాటు. హాల్లోంచి బాల్కనీకి పొయ్యి మోసుకెళ్తూ, దేవుడి గూట్లో సీలు వేసిన రాగి చెంబు చూశాడు ధనరాజ్.

"కాశీ ఎల్లొచ్చేరేటి బాబాయ్? మా నాన్నా ఎల్లేడు. అక్కడ ఇష్టమైనదొకటి వదిలీసి రావాలట గదా, కాకరకాయ వదిలీసేడు. పుట్టి బుద్ధెరిగి దాన్ని ముట్టుకున్నదే లేదు!"

నారాయణమూర్తి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఘటికుడు మీ నాన్న!"

బొగ్గులన్నీ ఎర్రబడి, పైన తెల్లటి బూడిద పొర కట్టేదాకా ఆయన వంకాయ పెట్టనివ్వలేదు. పెట్టాక ఇంక పక్కకి జరగలేదు. తొడిమ పట్టుకుని తిప్పుతూ, మూత వేస్తూ, తీస్తూ, చంటిపిల్లకి నీళ్ళు పోసినంత జాగ్రత్తగా చూసుకున్నాడు. తొక్క చిట్లి, రసం నిప్పుల మీద చుయ్యిమంది. ఆయన కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చాడు.

"వచ్చీసింది!"

"రుచి సూడకుండానే?"

"ముక్కుకి తెలుస్తాది లేరా."

"ఇల్లంతా పొగ చేసేరు" అని గొణుగుతూనే నీలవేణి వంకాయ అందుకుంది. తొక్క ఒలిచి, పచ్చిమిర్చీ వెల్లుల్లీ దంచి, చింతపండు పులుసూ ఉప్పూ వేసి చేత్తోనే పిసికింది. ధనరాజ్‌కి కూడా కంచం పెట్టింది. "తినకుండా ఎల్తావేటి, కూర్చో!"

వేడన్నంలో పచ్చడి కలుపుకుని ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మగవాళ్ళిద్దరూ ఆవిడ నోటి వంకే చూస్తున్నారు. ఆవిడ నమిలింది. ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదే" అంది.

"గెలిచీసేను!" అని నారాయణమూర్తి ఒక్క కేక పెట్టాడు. ధనరాజ్ హమ్మయ్య అనుకున్నాడు. నీలవేణి రెండో ముద్ద, మూడో ముద్ద, మాటా పలుకూ లేకుండా తింటోంది. ఆ తినడం చూస్తూ ఆయన పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు.

అప్పుడు చూశాడు ధనరాజ్. ఆయన కంచంలో పప్పూ మజ్జిగన్నమే ఉన్నాయి.

"అయ్యో పిన్నీ, పొయ్యి కొన్నదే బాబాయ్ జిహ్వకి. ఆయనకే వెయ్యలేదేటి?" అంటూ పచ్చడి గిన్నె అటు జరపబోయాడు.

నీలవేణి చెయ్యి అడ్డం పెట్టింది.

"కాశీలో ఆయన వదిలీసింది వంకాయే బాబూ."