ఎర్ర చుక్క

"తలుపు తియ్యమ్మా. ఇవాళ తాడో పేడో తేలిపోవాలి," అంటూ అపార్ట్‌మెంటు సెక్రటరీ మూడో అంతస్తులో టైలరమ్మ తలుపు దబదబా బాదాడు.

ఆయన వెనక రెండడుగుల దూరంలో ఆయన భార్య నిలబడింది. మెట్ల దగ్గరే ఒకసారి చొక్కా పట్టుకుని ఆపబోయింది. "పొద్దున మాట్లాడుకోవచ్చు కదండీ," అంది.

"పొద్దున చుక్క పచ్చగానే ఉంటుంది. దొంగతనం జరుగుతుండగా పట్టుకుంటేనే దొంగ దొరికినట్టు," అన్నాడాయన.

చుక్కలు కనబడేది కింద, లిఫ్టు పక్కన గోడకున్న తెర మీద. సాయంత్రం ఆరు నుంచి పది దాకా, ఊరంతా ఒక్కసారే కరెంటు వాడే వేళలో, ఏ ఫ్లాటు ఎంత లాగుతోందో స్మార్టు మీటర్లు ఆ తెరకు చెప్పేస్తాయి. పొదుపుగా వాడితే పచ్చ చుక్క. హద్దు దాటితే ఎర్ర చుక్క. అందరి వాడకం కలిపి మరీ ఎక్కువైతే ముందు ఆగేది లిఫ్టు. నిన్న అలాగే ఆగింది. అయిదో అంతస్తు ముసలాయన పది మెట్లకొకసారి కూర్చుంటూ ఇల్లు చేరాడు. మూడు వారాలుగా ఎర్ర చుక్క ఒక్క టైలరమ్మ ఫ్లాటుదే.

టైలరమ్మ తలుపు తీసింది. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూది. వెనక మిషను, దాని పక్కన నీలం రంగు స్కూలు బట్టల గుట్ట.

"ఏమ్మా, నా మాటంటే నీకు బొత్తిగా లెక్కలేకుండా పోయింది."

"అలా కాదు అన్నయ్యగారూ..."

"ఎలాగో చెప్పు మరి. ఏసీ లేదు, గీజరు లేదు. ఉన్నది ఒక్క మిషను. ఈ వేళప్పుడు కరెంటు పొయ్యి గానీ పెడుతున్నావా?"

టైలరమ్మ నోట్లోని గుండుసూది తీసి జాకెట్టుకు గుచ్చుకుంది. "మా వంట పొద్దునే అయిపోతుందండీ," అంది. అని, సెక్రటరీ భార్య వైపు ఒక్క చూపు చూసి తల దించుకుంది.

ఆ చూపుకు ఆవిడకు ప్రాణం చచ్చినట్టయింది. కొంగు వేలికి చుట్టుకుంటూ గోడ వైపు తిరిగింది.

ఈలోగా చుట్టుపక్కల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తమాషా చూడటానికి ఎవరికి మాత్రం పిలుపు కావాలి?

జనాన్ని చూసేసరికి సెక్రటరీకి హుషారొచ్చింది. "మా ఇంటిని చూసి నేర్చుకో. తెర పెట్టిన మొదటి వారం మాదీ ఎర్రగానే వచ్చింది. పరువు పోయినంత పనైంది. ఇంట్లో గట్టిగా చెప్పాను. అప్పట్నుంచీ పచ్చే. ఆరు దాటితే మా పొయ్యి ముట్టుకోం. కావాలంటే మా ఆవిణ్ణే అడుగు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. "అవును," అంది ఆవిడ. ఆ మాట ఆవిడకే సరిగ్గా వినబడలేదు.

"అయితే రోజూ చల్లారిన కూడేనా సెక్రటరీగారూ?" అని ఎదురింటాయన నవ్వాడు.

"నాకా? ఎనిమిది కొట్టేసరికి కంచంలో పొగలు రావాలి. లేకపోతే ముద్ద దిగదు. అదంతా మా ఆవిడ ప్లానింగు." ఆ ముక్క అనేసి ఆయన మళ్లీ టైలరమ్మ మీదికి తిరిగాడు. "రేపట్నుంచి ఆరయ్యేసరికి కిందనుంచే నీ లైను తగ్గించేస్తాం. ఒక లైటు, ఒక ఫ్యాను. అంతే."

"మరి మిషను?"

"పగలు కుట్టుకో."

"పగలు షాపులో పని కదండీ. సోమవారం స్కూళ్లు తెరుస్తారు. ఇంకా ముప్పై జతలున్నాయి. మాట ఇచ్చేశాను. మాట పోతే రేపు నాకు బట్ట ఇచ్చేదెవరు?" అంది టైలరమ్మ.

ఈసారి ఆమె సెక్రటరీ భార్య వైపు చూడలేదు. చూసినా బాగుండేదనిపించింది ఆవిడకు. పుట్టి బుద్ధెరిగాక ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. భర్త నోటికి అడ్డం పడలేని తనకు నోరెందుకని తిట్టుకుంది.

అంతలో లోపల్నుంచి మాడు వాసన వచ్చింది. టైలరమ్మ ఉలిక్కిపడింది. అయినా గుమ్మంలోంచి కదల్లేదు.

"పొద్దునే వంటన్నావు. మరి ఇదేమిటి?" అన్నాడు సెక్రటరీ. "అందరూ విన్నారుగా. దొంగతనమే కాదు, అబద్ధం కూడాను."

ఆయన భార్య ఇక ఆగలేకపోయింది. టైలరమ్మను తోసుకుని లోపలికి పరుగెత్తింది. వంటగది ఎటో అడగలేదు. స్విచ్చి కట్టేసిన చప్పుడు వినిపించింది. మసిగుడ్డతో గిన్నె పట్టుకుని మళ్లీ గుమ్మంలోకి వచ్చింది.

"నీకెందుకే అంత కంగారు?" అన్నాడు సెక్రటరీ. "మాడితే మాడనీ, వాళ్ల కూర."

ఆవిడ తల ఎత్తి మొదట టైలరమ్మను, తర్వాత భర్తను చూసింది.

"వాళ్లది కాదండీ," అంది. "మీ ఎనిమిది గంటల భోజనం."