ముప్పై ఒకటి తర్వాత

ఆమె తండ్రి వీధి ఫొటోలతో దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. ఆయనకు రెండు పట్టింపులుండేవి. కెమెరాను ఏనాడూ కంటికి ఆనించేవాడు కాదు. నడుం ఎత్తున పట్టుకుని, నడుస్తూనే మీట నొక్కేవాడు. తీసిన రీలును ఏడాది నిండేదాకా కడిగేవాడు కాదు.

ఆయన గుండె ఆగి నడిరోడ్డు మీద పడిపోయిననాడు కెమెరాలోని ముప్పై ఆరు ఫొటోల రీలులో ముప్పై ఒక్కటే పూర్తయ్యాయి. కూతురే ఆ రీలు తీసి, డబ్బాలో పెట్టి, సీలు వేసింది.

ఏడాది నిండిన రాత్రి స్టూడియోలో ఒంటరిగా కూర్చుని రీలు కడిగి, తడి ఆరకముందే దీపానికి ఎత్తిపట్టి చూసింది. ముప్పై ఒకటి తర్వాత ఖాళీగా ఉండాలి. లేదు. తమ వీధి మలుపు కనిపించింది. ఆపైన తమ గేటు, మెట్లు, అమ్మ గది తలుపు. అన్నీ నడుం ఎత్తు నుంచి తీసినవే. చిట్టచివరి దాంట్లో అమ్మ నిద్రపోతోంది. చేతికి కట్టు ఉంది.

ఆ కట్టు తను ఇవాళ పొద్దున కట్టింది.

వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, తలుపు గడియ పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానే." అమ్మ గొంతులో నిద్రమత్తు ఇంకా వదల్లేదు. "ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావు?"

"స్టూడియోలోనే ఉన్నానమ్మా."

అవతల మంచం కిర్రుమంది.

"మరి ఇందాకట్నుంచీ మంచం పక్కన నిలబడింది నువ్వు కాదా?" అంది అమ్మ, బాగా గొంతు తగ్గించి.